ఆ భిన్నం ఎక్కడిది? ఎనాలిసిస్‌కు పుస్తకం ఎంచుకోవడం గురించి

అవధులనూ కలనగణితాన్నీ నిరూపణల మీద నిలబెట్టే గణిత శాఖ ఎనాలిసిస్. దానికి వాల్టర్ రూడిన్ రాసిన పాఠ్యపుస్తకం ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ మాథమాటికల్ ఎనాలిసిస్’ తెరిచిన కాసేపటికే, రెండో పేజీ దాటకుండానే, ఒక భిన్నం ఎదురవుతుంది. వర్గం 2 కన్నా తక్కువైన ధన అకరణీయ సంఖ్యల్లో (భిన్నంగా రాయగలవాటిలో) అన్నిటికన్నా పెద్దది అంటూ ఏదీ లేదని చూపించడం అక్కడ రచయిత ఉద్దేశం. అందుకు ఆయన చెప్పే పద్ధతి ఇది: అటువంటి సంఖ్య దేన్నైనా తీసుకోండి, దాన్ని రెట్టింపు చేసి 2 కలపండి, వచ్చినదాన్ని, అసలు సంఖ్యకు 2 కలిపితే వచ్చేదానితో భాగించండి, ఫలితం మొదటి సంఖ్యకన్నా పెద్దది, అయినా దాని వర్గం 2 కన్నా తక్కువే. 1తో మొదలుపెడితే 4/3 వస్తుంది, దాన్నుంచి 7/5, ఆపైన 24/17, ఆపైన 41/29. ఈ చివరిదాని వర్గం 1681/841, అంటే 2కు కేవలం 1/841 తక్కువ. లెక్క సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ భిన్నం ఎక్కడి నుంచి ఊడిపడిందో మాత్రం పుస్తకంలో ఒక్క మాట ఉండదు.

ఆ పుస్తకాన్ని నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో కొన్నాను. అట్ట చిరిగి, అంతకుముందు ఎవరిదో ఆ పేరు సిరాతో కొట్టేసి ఉన్న ప్రతి అది. డిగ్రీ దాకా నా చదువు తెలుగు మాధ్యమంలో, తెలుగు అకాడమీ పుస్తకాలతో సాగింది. లిమిట్ కన్నా ముందు నాకు అవధి తెలుసు, ఫంక్షన్ కన్నా ముందు ప్రమేయం తెలుసు. అయినా ఇంగ్లీషు నాకు పెద్దగా అడ్డు కాలేదు, ఎందుకంటే రూడిన్ వాక్యాల్లో అలంకారం అన్నది వెతికినా దొరకదు. అడ్డు పడ్డది ఆ భిన్నమే. మాకు ఎనాలిసిస్ చెప్పే అధ్యాపకుణ్ణి అడిగితే, అది సరిచూసుకుంటే చాలుననీ, ఎక్కడి నుంచి వచ్చిందని పరీక్షలో అడగరనీ అన్నారు. ఆయన మాట నిజమే, అడగలేదు. కానీ ఆ జవాబుతో నాకు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు రాత్రి మెస్సు నుంచి తిరిగి వచ్చి, ఏమీ తోచక, సంఖ్య వర్గంలోంచి 2 తీసేస్తే వచ్చే ప్రమేయానికి పటం గీశాను. 1 దగ్గర దాని విలువ ఋణ 1, 2 దగ్గర దాని విలువ 2. ఈ రెండు బిందువులనూ కలుపుతూ స్కేలుతో గీత గీస్తే అది అడ్డంగా ఉన్న అక్షాన్ని సరిగ్గా 4/3 దగ్గర ఖండించింది. 4/3 దగ్గరి బిందువు నుంచి మళ్ళీ 2 దగ్గరి బిందువుకు గీత గీస్తే 7/5. రూడిన్ భిన్నం ఒక ఛేదన రేఖ, అంటే వక్రరేఖను రెండు చోట్ల ఖండించే గీత, అంతే. వక్రరేఖ పైకి వంగి ఉంది కాబట్టి ఆ గీత ఎప్పుడూ వక్రరేఖకు పైనే ఉంటుంది, అందుకే అది అక్షాన్ని 2 వర్గమూలానికి ఇవతలే తాకుతుంది. పుస్తకం దాచిన బొమ్మ ఇంత చిన్నది.

ఆ నాలుగు రోజుల్లో ఏర్పడి, ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పిన తరవాత కూడా మారని అభిప్రాయం ఒకటి నాకుంది. ఉన్నత స్థాయి ఎనాలిసిస్ పుస్తకాన్ని అందులో ఏమేమి ఉన్నాయో చూసి ఎంచుకోకూడదు. అందులో రచయిత ఏం వదిలేశాడో, వదిలేసినదాన్ని ఈ పాఠకుడు ఇప్పుడున్న స్థితిలో తన పెన్సిలుతో పూడ్చుకోగలడో లేదో చూసి ఎంచుకోవాలి. విషయసూచికలు అన్ని మంచి పుస్తకాల్లోనూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. తేడా అంతా పంక్తికీ పంక్తికీ మధ్య ఉంటుంది. అన్ని ఖాళీలనూ రచయితే పూడ్చేస్తే మనకు మిగిలేది చదివేశామన్న తృప్తి ఒక్కటే. రెండు పంక్తుల మధ్య ఏరు పారించి తాను అవతలి ఒడ్డున నిలబడితే మనకు మిగిలేది సిగ్గు. ఈ రెంటికీ నడుమ, ఒక సాయంత్రం కూర్చుంటే దాటగలిగినంత ఖాళీ ఉన్న పుస్తకమే చదవదగిన పుస్తకం, అది ఎంత పేరున్నదైనా, లేనిదైనా.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా చిన్నాన్న కూతురు. ఎమ్మెస్సీ అయ్యాక తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకు చదువుకుంటోంది. పోయిన నెల ఫోన్ చేసి, “అన్నయ్యా, బాగా పై స్థాయిలో ఉండే ఎనాలిసిస్ పుస్తకం ఒక్కటి చెప్పు. ఒక్కటే. ఫోన్లో నలభై పీడీఎఫ్‌లు ఉన్నాయి, ఒక్కటీ ఇరవయ్యో పేజీ దాటలేదు” అంది. ఫోన్లో ఇచ్చిన జవాబు పొట్టిది. అసలు జవాబు పొడుగైనది, అది ఇది.

మొదట ‘పై స్థాయి’ అన్న మాట సంగతి తేలాలి. ఎనాలిసిస్‌లో రెండు అంతస్తులున్నాయి. కింది అంతస్తులో వాస్తవ సంఖ్యల సంపూర్ణత, మెట్రిక్ స్పేసులు, అవిచ్ఛిన్నత (తెగకుండా సాగడం), యూనిఫాం కన్వర్జెన్స్, రీమాన్ సమాకలని, బహుచర ప్రమేయాల అవకలనం ఉంటాయి. పై అంతస్తులో లెబేగ్ కొలత, ఎల్‌పీ స్పేసులు, హిల్బర్ట్ స్పేసు, ఫూరియే పరివర్తన, ఆపైన ఫంక్షనల్ ఎనాలిసిస్ ఉంటాయి. పై అంతస్తు పుస్తకం అడిగేవాళ్ళలో చాలామందికి కింది అంతస్తులోనే ఎక్కడో ఒక మెట్టు ఊగుతూ ఉంటుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మన డిగ్రీ, పీజీ పరీక్షలు సిద్ధాంతాన్ని నిరూపణతో సహా అప్పజెప్పమంటాయే గాని దాన్ని వాడమనవు, కాబట్టి ఊగే మెట్టు మీద కాలు పెట్టే అవసరమే రాదు. ఆ మెట్టు ఎక్కువగా యూనిఫాం కన్వర్జెన్స్ దగ్గర ఉంటుందని నా అనుభవం.

దీన్ని నేను తరగతిలో తెలుగులోనే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ తెలుగు చేసే సాయం ఇంగ్లీషు చెయ్యదు. ప్రమేయాల అనుక్రమం బిందువు బిందువు దగ్గరా విడివిడిగా అభిసరిస్తుంది (ఒక అవధికి చేరువవుతుంది) అంటే, ఎంత చిన్న ఎప్సిలాన్, అంటే అనుమతించే తేడా, ఇచ్చినా, ప్రతి బిందువుకూ అనుక్రమంలో ఒక మెట్టు ఉంటుంది, అది దాటాక ఆ బిందువు దగ్గర తేడా ఎప్సిలాన్‌కు లోబడి ఉంటుంది. యూనిఫాం కన్వర్జెన్స్ అంటే, ఎంత చిన్న ఎప్సిలాన్ ఇచ్చినా, బిందువులన్నిటికీ ఒకే మెట్టు ఉంటుంది. ‘ఒక’కూ ‘ఒకే’కూ మధ్య ఉన్నది ఒక్క ఏత్వం; ఆ ఏత్వంలోనే సంగతంతా ఉంది. 0కూ 1కీ మధ్య సంఖ్యలను పెద్ద పెద్ద ఘాతాలకు తీసుకువెళ్తే విలువ సున్నాకు దిగిపోతుందని అందరికీ తెలుసు. కానీ ఆ విలువ నూరో వంతుకు లోపల పడడానికి 0.9 దగ్గర 44వ ఘాతం సరిపోతే, 0.99 దగ్గర 459వ ఘాతం దాకా, 0.999 దగ్గర 4603వ ఘాతం దాకా ఆగాలి. 1కి దగ్గరయ్యేకొద్దీ మెట్టు వెనక్కి వెనక్కి జరిగిపోతూనే ఉంటుంది; అన్నిటికీ పనికివచ్చే ఒకే మెట్టు లేదు. అందుకే అవిచ్ఛిన్న ప్రమేయాలతో మొదలుపెట్టి, అవధిలో 1 దగ్గర తెగిపోయిన ప్రమేయంతో తేలతాం.

ఇది తడబడడానికి వీలున్న చోటు అనడానికి నా విద్యార్థులను ఉదాహరణగా చూపించనక్కర్లేదు. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ 1821 నాటి తన పాఠ్యగ్రంథంలో సిద్ధాంతంగా రాశాడు. ఆధునిక కఠినత్వానికి పునాది వేసిన పుస్తకం అది. ఇరవయ్యైదేళ్ళు కూడా నిండని నార్వే గణితజ్ఞుడు ఆబెల్ 1826లో ద్విపద శ్రేణి మీద రాసిన వ్యాసంలో, ఒక అధోజ్ఞాపికలో, ఈ సిద్ధాంతానికి మినహాయింపులు ఉన్నట్టున్నాయని మర్యాదగా రాసి, సైన్ల శ్రేణి ఒకటి చూపించాడు: కోణం సైనులోంచి రెట్టింపు కోణం సైనులో సగం తీసెయ్యండి, మూడు రెట్ల కోణం సైనులో మూడో వంతు కలపండి, అలా సాగిపోండి. దాని మొత్తం ఋణ π నుంచి π దాకా కోణంలో సగమే అవుతుంది, π దగ్గరకు రాగానే ఒక్కసారి కిందికి దూకుతుంది. పుస్తకాలు చాలావరకు ఈ కథను చెప్పవు. చెప్పకపోయినా ఫరవాలేదు గాని, అటువంటి పొరపాటు మనకూ జరిగి ఉండేదే అన్న భయాన్నైనా పాఠకుడిలో కలిగించాలి.

నా మొదటి పరీక్ష ఇదే. ఏ పుస్తకమైనా చేతికి వస్తే ముందుమాట చదవకుండా యూనిఫాం కన్వర్జెన్స్ ఉన్న అధ్యాయం తెరుస్తాను. నిర్వచనం ముందు వచ్చిందా, అవసరం ముందు వచ్చిందా అని చూస్తాను. విచిత్రం ఏమంటే, కర్కశుడని పేరుపడ్డ రూడిన్ ఇక్కడ ఎంతో దయగల గురువు. ఏడో అధ్యాయంలో ఆయన వరసగా అయిదు ఉదాహరణలు ఇచ్చి, అవధుల క్రమాన్ని తారుమారు చేస్తే ఏయే విధాలుగా కొంప మునుగుతుందో చూపించి, ఆ తరవాతే యూనిఫాం అన్న మాట ఎత్తుతాడు. మొదటి ఉదాహరణ పిల్లవాడికైనా అర్థమవుతుంది: రెండు పూర్ణసంఖ్యలు తీసుకుని, మొదటిదాన్ని రెంటి మొత్తంతో భాగించండి. మొదటి సంఖ్యను కదలకుండా ఉంచి రెండోదాన్ని పెంచుకుంటూ పోతే భిన్నం సున్నాకు పోతుంది. రెండోదాన్ని ఉంచి మొదటిదాన్ని పెంచితే 1కి పోతుంది. ఏది ముందు, ఏది తరవాత అన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. ఈ అధ్యాయం రాసినవాడే రెండో పేజీలో ఆ భిన్నాన్ని అనాథలా వదిలేశాడంటే, ఒకే పుస్తకం ఒక చోట తల్లిలా, ఇంకో చోట సవతి తల్లిలా ఉండగలదని అర్థం. పుస్తకాలకు మొత్తంగా మార్కులు వేసే జాబితాల మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదొక కారణం.

రూడిన్ ఆ పుస్తకాన్ని ఎవరికోసం రాశాడో కూడా గుర్తుంచుకోవాలి. వియన్నాలో 1921లో పుట్టిన ఆయన, అమెరికాలోని ఎంఐటీలో కొత్తగా చేరిన అధ్యాపకుడిగా ఎనాలిసిస్ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు తగిన పుస్తకం దొరక్క తానే రాశాడు. అది 1953లో వెలువడింది; మనం ఇప్పుడు చదివేది 1976 నాటి మూడో కూర్పు. అంటే అది తరగతి గది కోసం పుట్టిన పుస్తకం. ఆ గదిలో ఒక గురువు ఉంటాడు, సందేహం వస్తే చెయ్యెత్తవచ్చు, పక్క బల్ల మీద ఇంకో తెలివైన కుర్రవాడు ఉంటాడు. పుస్తకం వదిలేసిన బొమ్మను నల్లబల్ల మీద గీసే మనిషి ఉంటాడన్న భరోసాతో అంత పొదుపుగా రాయడం సాధ్యమైంది. కాలేజీ నుంచి ఇంటికి వచ్చి, వంట ముగించి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒంటరిగా పుస్తకం తెరిచే మా చెల్లెలికి ఆ గది లేదు. అదే పుస్తకం ఆమె చేతిలో వేరే పుస్తకం అవుతుంది.

రూడిన్ అభిమానులు దీనికి చెప్పే సమాధానం నాకు తెలుసు, ఎందుకంటే నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఆ కష్టమే చదువు, నువ్వు నాలుగు రోజులు కొట్టుకోకపోతే ఆ ఛేదన రేఖ నీకు దొరికేదా అంటారు. దొరికేది కాదు, ఒప్పుకుంటాను. కానీ నా హాస్టల్ గదికి ఎదురుగా ఉన్న స్నేహితుడు కూడా అదే భిన్నం దగ్గర ఆగాడు. నాకన్నా చురుకైనవాడు. అతడు ఆ ప్రశ్నను పక్కన పెట్టి, మిగతా పుస్తకాన్ని కూడా అలాగే, సరిచూసుకుంటూ, నమ్ముకుంటూ, కంఠతా పట్టాడు. మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఆ తరవాత గణితం జోలికి పోలేదు. కష్టం మనుషులను తయారుచేస్తుందన్న మాట, తయారైనవాళ్ళు మాత్రమే చెబుతారు.

పై అంతస్తు విషయానికి వస్తే ఎంపిక ఇంకా పదునుగా చెయ్యాలి, ఎందుకంటే ఇక్కడ పుస్తకాలు ఒకే చోటికి వేర్వేరు దారుల్లో వెళ్తాయి. ఫ్రెంచి గణితజ్ఞుడు లెబేగ్ తన సమాకలని (వక్రరేఖ కింది వైశాల్యం కట్టే పద్ధతి) గురించి చెప్పిన పోలిక ఒకటి ప్రసిద్ధం: బాకీ తీర్చడానికి జేబులోంచి నాణేలూ నోట్లూ చేతికి వచ్చిన వరసలో తీసి లెక్కపెట్టడం రీమాన్ పద్ధతి, అన్నీ బయటపెట్టి, ఏ విలువవి ఎన్ని ఉన్నాయో కట్టలుగా వేరుచేసి లెక్కపెట్టడం తన పద్ధతి. రైతుబజారులో సాయంత్రం గల్లా లెక్క చూసుకునేవాళ్ళందరూ లెబేగ్ శిష్యులే. చిక్కంతా ఒక్కో కట్ట ఎంత పెద్దదో కొలవడంలో ఉంది, ఎందుకంటే మన ప్రమేయం ఒక విలువను తీసుకునే బిందువుల సమితి చెల్లాచెదురుగా, దుమ్ములా ఉండవచ్చు. ఆ కొలతను ఎలా నిర్మిస్తారన్న దగ్గరే రచయితల స్వభావం బయటపడుతుంది.

రూడిన్ పెద్ద పుస్తకం ‘రియల్ అండ్ కాంప్లెక్స్ ఎనాలిసిస్’ 1966లో వచ్చింది. అది అమూర్త కొలతతో మొదలై, రెండో అధ్యాయంలోనే రీస్ ప్రాతినిధ్య సిద్ధాంతాన్ని పది మెట్ల నిరూపణతో ఎక్కించి, మనకు తెలిసిన పొడవునూ వైశాల్యాన్నీ, అంటే లెబేగ్ కొలతను, ఆ సిద్ధాంతపు ఫలితంగా అందిస్తుంది. ఎక్కిన తరవాత చూస్తే దృశ్యం అద్భుతం. కానీ గజంబద్దతో కొలవడం ఏమిటో తెలుసుకోవడానికి ముందు గోపురం ఎక్కమనడం అది. స్టైన్, షకార్చీలు 2005లో ప్రచురించిన ‘రియల్ ఎనాలిసిస్’ దీనికి పూర్తిగా ఎదురు దారి పడుతుంది: ఘనాలతో సమితులను కప్పి, ఆ ఘనాల ఘనపరిమాణాలు కూడి, కొలతను చేత్తో పట్టుకుని చూపించి, అమూర్త కొలతను ఆరో అధ్యాయం దాకా వాయిదా వేస్తుంది. రాయ్‌డెన్ 1963లోనే ఇంచుమించు ఈ క్రమాన్నే, సరళరేఖ మీద, పాటించాడు. ఫోలండ్ 1984లో రాసి 1999లో సవరించిన పుస్తకం రూడిన్ లాగే అమూర్తంతో మొదలవుతుంది గాని, అధ్యాయం చివర ఎవరు ఏం చేశారో చెప్పే టిప్పణులతో మనిషి వాసన వేస్తుంది.

ఈ తేడా ఊరికే రుచి సంగతి అనుకోకుండా ఉండడానికి నా రెండో పరీక్ష చెబుతాను. డామినేటెడ్ కన్వర్జెన్స్ సిద్ధాంతాన్ని మూడు పుస్తకాల్లోంచి చేత్తో, కాగితం మీద, ఎత్తి రాయాలి. ఆ సిద్ధాంతం ఎందుకు కావాలంటే, సున్నా నుంచి మొదలై వెడల్పు సగం, ఎత్తు 2 ఉన్న దిమ్మను ఊహించుకోండి. తరవాత వెడల్పు మూడో వంతు, ఎత్తు 3. అలా తొమ్మిదో దిమ్మ వెడల్పు పదో వంతు, ఎత్తు 10. ప్రతి దిమ్మ వైశాల్యమూ 1. కానీ సున్నాకు కుడివైపు ఏ బిందువు దగ్గర నిలబడినా, కొన్ని దిమ్మల తరవాత అవన్నీ మీ ఎడమకు సన్నబడిపోతాయి, మీ నెత్తిమీద ఏమీ ఉండదు. అవధి ప్రమేయం సున్నా, దాని వైశాల్యం సున్నా, వైశాల్యాల అవధి 1. ఆ ఒక్క ప్రమాణం పదార్థం ఎటు పోయింది? ఆకాశంలోకి ఎగిరిపోయింది. అలా ఎగిరిపోకుండా పైన ఒక పందిరి వెయ్యడమే, అంటే పరిమితమైన సమాకలని గల ఒకే ప్రమేయం కింద అన్నిటినీ అణిచి ఉంచడమే, ఆ సిద్ధాంతంలోని షరతు. ఈ పందిరి కూడా ఒక ‘ఒకే’ అని గమనించండి.

రూడిన్‌లో ఇది ఏకదిశ అభిసరణ సిద్ధాంతం నుంచి ఫతూ లెమ్మాకు (లెమ్మా అంటే సహాయ సిద్ధాంతం), ఫతూ నుంచి దీనికి, కత్తితో కోసినట్టు కొద్ది పంక్తుల్లో వచ్చేస్తుంది: పందిరికి రెట్టింపులోంచి తేడాను తీసేసి, ఫతూ వాడి, అయిపోయిందంటాడు. ఎత్తి రాస్తున్నప్పుడు చెయ్యి నొప్పి పుట్టదు, బొమ్మ కూడా పుట్టదు. స్టైన్, షకార్చీలు ముందు హద్దులున్న ప్రమేయాలను తీసుకుని, ఈగొరోవ్ సిద్ధాంతంతో చిన్న సమితిని పక్కకు నెట్టేసి, మిగిలిన చోట యూనిఫాం కన్వర్జెన్స్ పనిచేస్తుందని చూపించి, అక్కడి నుంచి పైకి వస్తారు. దారి పొడుగు. కానీ ఆ దారిలో కింది అంతస్తులో నేర్చుకున్న ‘ఒకే’ మళ్ళీ కనబడుతుంది, దుమ్మంతా ఒక మూలకు ఊడ్చేస్తే మిగతా గది శుభ్రంగానే ఉందన్న ధైర్యం కలుగుతుంది. ఒంటరిగా చదువుకునేవాళ్ళకు మొదటిసారి చదవడానికి నేను ఈ రెండో పుస్తకాన్నే ఇస్తాను. రెండోసారి చదవడానికి ఫోలండ్. రూడిన్ పెద్ద పుస్తకం ఈ రెండూ అయ్యాక పండగ భోజనం. మొదటి ముద్దగా కాదు.

మూడో పరీక్ష అభ్యాసాలు. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: ఒక అధ్యాయం చివరి అభ్యాసాల్లో అయిదింటిని గుడ్డిగా ఎంచుకుని ఒక వారం కూర్చోండి. అయిదూ మొదటి రోజే అయిపోతే పుస్తకం మీకు చిన్నది. వారం చివరికి ఒక్కటీ కాకపోతే మీరు దానికి ఇంకా రాలేదు. రెండో మూడో అయి, మిగిలినవి స్నానం చేస్తున్నప్పుడు కూడా వెంటాడుతుంటే దాన్నే కొనండి. రూడిన్ చిన్న పుస్తకం అభ్యాసాల విషయంలో నేటికీ సాటిలేనిదని నా అభిప్రాయం. ప్రతి కరణీయ సంఖ్య దగ్గరా అవిచ్ఛిన్నమై, ప్రతి అకరణీయ సంఖ్య దగ్గరా తెగిపోయే ప్రమేయాన్ని మొదటిసారి నేను అందులోని అభ్యాసంలోనే కలిశాను. ఆ రోజు మా హాస్టల్లో నీళ్ళు రాలేదు, నాకు అది కూడా సాయంత్రం దాకా తెలియలేదు.

కింది అంతస్తులో మెట్టు ఊగుతోందని తేలితే గణితజ్ఞుడు టెరెన్స్ టావ్ రాసిన ‘ఎనాలిసిస్’ రెండు సంపుటాలు ఉన్నాయి. ఆయన కాలిఫోర్నియాలో చెప్పిన పాఠాలే అయినా, అవి 2006లో మొదట వెలువడింది మన దేశంలో, హిందుస్తాన్ బుక్ ఏజెన్సీ నుంచి. అందువల్ల విద్యార్థి కొనగలిగిన పుస్తకం అయింది. సహజ సంఖ్యల దగ్గర, కూడిక అంటే ఏమిటన్న దగ్గర మొదలుపెట్టి, చిన్న చిన్న లెమ్మాల నిరూపణలను పాఠకుడికే అభ్యాసాలుగా వదిలేస్తూ పోతాడు. నేను పైన చెప్పిన ఒక సాయంత్రం కొలత గల ఖాళీకి ఇంతకన్నా మంచి నమూనా తెలియదు. ఓపిక లేనివాళ్ళు మొదటి వంద పేజీల్లో విసుక్కుంటారు, అది కూడా నిజమే. టావ్ పీహెచ్‌డీ చేసింది స్టైన్ దగ్గరే అన్నది తెలిశాక, ఈ ఇద్దరి పుస్తకాలనూ వెనకా ముందూ చదివించడం నాకు ఒకే ఇంటి వంటలా అనిపిస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కుమరేశన్, అజిత్ కుమార్‌తో కలిసి రాసిన ఎనాలిసిస్ పుస్తకం కూడా ఈ దశకు మంచిదే. నిరూపణ ఎలా తడుతుందో బొమ్మలతో చెప్పే అలవాటు అందులో ఉంది, రెండో పేజీ భిన్నాలను అనాథలుగా వదలదు. పోటీ పరీక్షల కోసం సరైన జవాబు కింద గీత గీసి ఇచ్చే లావుపాటి గైడ్లు వేరే సరుకు. వాటిని కొనుక్కోండి, వాడుకోండి, ఎనాలిసిస్ చదివామని మాత్రం అనుకోకండి.

ఇంకొక సంగతి పుస్తకం ఎటు తీసుకువెళ్తుందన్నది. స్టైన్, షకార్చీల నాలుగు సంపుటాల్లో మొదటిది ఫూరియే శ్రేణులది. కొలత సిద్ధాంతం లేకుండానే, రీమాన్ సమాకలనితోనే మొదలై, ఉష్ణ సమీకరణం మీదుగా, అంకశ్రేఢుల్లో ప్రధాన సంఖ్యల గురించి డిరిక్లే సిద్ధాంతం దగ్గర ముగుస్తుంది. మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన మీనాక్షిసుందరం, స్వీడన్ గణితజ్ఞుడు ప్లెయెల్‌తో కలిసి 1949లో ప్రచురించిన పత్రం, ఆ ఉష్ణ సమీకరణంలోనే కనిపించే లాప్లాస్ ఆపరేటర్ ఐగెన్ ప్రమేయాల గురించి. ఇద్దరి పేర్లతోనూ ఒక జీటా ప్రమేయం ఇవాళ్టికీ నడుస్తోంది. ఫూరియే సంపుటం ముగించినవాళ్ళకు ఆ పత్రం పరాయి భాషలా కనిపించదు. వేడి ఒక వక్ర తలం మీద ఎలా పాకుతుందన్న ప్రశ్న దాకా వాళ్ళు అప్పటికే నడిచి ఉంటారు. కొలత సిద్ధాంతాన్ని ప్రశ్న లేకుండా, జవాబుగా మాత్రమే మొదలుపెట్టే పుస్తకాలతో ఈ నడక సాధ్యం కాదు. అందుకే లెబేగ్ దగ్గరకు తిన్నగా వెళ్ళాలనుకునేవాళ్ళను కూడా నేను ముందు ఆ ఫూరియే సంపుటం గుమ్మంలో కొన్నాళ్ళు కూర్చోమంటాను.

చెల్లెలికి చివరకు చెప్పింది ఇది: ఫోన్లో ఉన్న నలభైలో ముప్పై తొమ్మిదింటిని తీసెయ్యమన్నాను, ఉంచుకున్న ఆ ఒక్కదాన్ని కూడా అచ్చులో కొనమన్నాను. స్టైన్, షకార్చీల మూడో సంపుటం, అంటే ‘రియల్ ఎనాలిసిస్’, నా ప్రతిని, పెన్సిలు గీతలు చెరపకుండానే, కొరియర్‌లో పంపాను. దానితోపాటు, కింది మెట్టు చూసుకోవడానికి, రూడిన్ చిన్న పుస్తకం మొదటి రెండు పేజీల ఫోటో తీసి పంపి, ఈ భిన్నం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పు అన్నాను. ఛేదన రేఖ మాట ఎత్తలేదు.

మర్నాడు రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది. “అన్నయ్యా, అది భిన్నంలా రాశాడు గాని, నిజానికి 2లోంచి ఒక చిన్న ముక్క తీసెయ్యడమే కదా” అంది. సంఖ్యకు 2 కలిపి, ఆ మొత్తంతో 2ను భాగించి, వచ్చినదాన్ని 2లోంచి తీసేస్తే అదే భిన్నం వస్తుంది. సంఖ్య పెరిగితే తీసేసే ముక్క తగ్గుతుంది, కాబట్టి ఫలితం పెరుగుతుంది. ఈ పనికి లొంగకుండా ఉన్నచోటే నిలిచిపోయే ధన సంఖ్య 2 వర్గమూలం ఒక్కటే. అందువల్ల దానికి ఇవతల ఉన్నవన్నీ ఎంత ముందుకు జరిగినా ఇవతలే ఉంటాయి. పటం అక్కర్లేదు, స్కేలు అక్కర్లేదు. ఇరవై ఏళ్ళకు పైగా విద్యార్థులకు నేను గీసి చూపిస్తున్న బొమ్మకన్నా ఇది పొట్టిది, ఇది నాకెప్పుడూ తట్టలేదు. ఫోన్ పెట్టేశాక లేచి వెళ్ళి, ఆబిడ్స్‌లో కొన్న ఆ పాత ప్రతి రెండో పేజీ మార్జిన్‌లో, నా ఛేదన రేఖ పక్కన, దాన్ని రాసి పెట్టుకున్నాను.